ముద్రయా, స్వరమా?
మెదడులో అమర్చే పరికరములను గూర్చిన రెండు బోధల విమర్శ

1. విషయ పరిచయము

మెదడులో అమర్చే కంప్యూటరు పరికరములను గూర్చి మన సంఘములలో రెండు బోధలు వినబడుతున్నవి. ప్రకటన గ్రంథము 13వ అధ్యాయములోని క్రూరమృగపు ముద్ర ఇదేనని ఒక బోధ. కుంటివారు నడుచుటను, మూగవారు మాటలాడుటను గూర్చి ప్రవక్తలు పలికినది నేడు విజ్ఞానము ద్వారా నెరవేరుతున్నదని మరియొక బోధ. మొదటిది ఉజ్జీవ కూడికలలోను, ఫోనులలో చేతులు మారే వీడియోలలోను వినబడుతుంది. రెండవది ఎక్కువగా పట్టణ సంఘముల యువజన సభలలో వినబడుతుంది.

ఈ రెండును ఒకదానికొకటి వ్యతిరేకముగా కనబడినను, రెండింటిలోను ఒకే లోపమున్నదని మా అభిప్రాయము. రెండును పరికరమునే చూస్తున్నవి. మంచము మీద కదలలేక పడియున్న మనిషిని చూచుట లేదు. పరికరము దేవునిదా, సాతానుదా అను ప్రశ్న వేసినంత కాలము, ఆ మనిషి ఎవరు, అతడు ఏమి చెప్పదలచుకొన్నాడు, అతనితో చివరివరకు ఎవరు ఉంటారు అను ప్రశ్నలు అడుగబడవు. ఈ వ్యాసములో ఆ రెండు బోధలను లేఖన వెలుగులోను, నరాల వైద్యశాస్త్రము తెలిపిన సంగతుల వెలుగులోను పరిశీలిస్తాము.

వంశధార తీరమందలి శ్రీముఖలింగము పరిసర గ్రామముల సంఘములను మేము ముఖ్యముగా మనస్సులో ఉంచుకొన్నాము. ఇందుకు రెండు కారణములు. అటువంటి గ్రామములో పక్షవాతము వచ్చినవాని ఇంటికి నరాల వైద్యుని కన్న ముందుగా కాపరియే వెళ్ళుతాడు. అక్కడినుండి జిల్లా కేంద్రమైన శ్రీకాకుళము సుమారు 45 కిలోమీటర్లు; విశాఖపట్నములోని కింగ్ జార్జి ఆసుపత్రికి చేరవలెనంటే మరి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణము. అందుచేత ఆ ఇంటిలో కాపరి పలికే మాట బరువైనది. రెండవ కారణము భాషకు సంబంధించినది. దానిని 6వ భాగములో వివరిస్తాము.

2. వైద్యశాస్త్రము ఇంతవరకు ఏమి చేసినది?

విమర్శకు ముందు విషయము తెలిసియుండవలెను. శరీరపు నాడీవ్యవస్థలో అమర్చే పరికరములు రెండు విధములు. కొన్ని నాడులకు విద్యుత్తును పంపుతాయి. కొన్ని మెదడునుండి వచ్చే సంకేతములను చదువుతాయి.

మొదటి విధము మనకు పరిచయమైనదే. పుట్టుకతో చెవుడుగల పిల్లలకు అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు లోపలి చెవిలోని నాడిని విద్యుత్తుతో ప్రేరేపించి శబ్దమును తెలియజేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద బీద కుటుంబముల పిల్లలకు ఈ శస్త్రచికిత్సలు జరిగినవి. పార్కిన్సన్ వ్యాధిలో వణుకును, బిగుతును తగ్గించుటకు మెదడు లోతులో సన్నని ఎలక్ట్రోడులను అమర్చి, ఛాతీపై చర్మము క్రింద బ్యాటరీ పెట్టెను ఉంచే చికిత్స ఉన్నది. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరములో ఆలిం లూయీ బెనాబిద్ 1987లో ఈ పద్ధతికి బాట వేశారు. హైదరాబాదు ఆసుపత్రులలో సహితము ఈ చికిత్స జరుగుతున్నది.

రెండవ విధము, అనగా మెదడు సంకేతములను చదివే పరికరము, కొత్తది. మనిషి చేయి కదల్చవలెనని తలంచినప్పుడు మెదడు పైపొరలోని కణములు విద్యుత్ సంకేతములను వెలువరిస్తాయి. వెన్నుపాము తెగినను, మెదడు కాండములో రక్తనాళము మూసుకొనిపోయినను ఆ సంకేతము కండరములకు చేరదు. కాని సంకేతము పుట్టుట ఆగిపోదు. ఈ చిన్న సత్యము మీదనే ఈ శాస్త్రమంతయు నిలిచియున్నది. సంకేతము పుట్టేచోట ఎలక్ట్రోడులను ఉంచి, కంప్యూటరు చేత చదివించి, తెరమీది బాణమును గాని, యంత్రపు చేతిని గాని, మాటను గాని నడిపించవచ్చును.

2004లో అమెరికాలో బ్రెయిన్‌గేట్ పరిశోధనలో మాట్ నాగిల్ అను యువకునికి, కత్తిపోటు వలన మెడ క్రింది శరీరమంతయు చచ్చుబడినవానికి, 96 ఎలక్ట్రోడుల పలక అమర్చబడినది. తలంపుతో తెరమీది బాణమును కదిలించి ఈమెయిలు తెరువగలిగాడు. పక్షవాతము వలన చేతులు, మాట రెండును పోయిన కాథీ హచిన్సన్ యంత్రపు చేతితో కాఫీ సీసాను నోటివద్దకు తెచ్చుకొని త్రాగిన సంగతి 2012లో ప్రచురితమైనది. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, చేతివ్రాతను మనస్సులో తలంచుకొన్న వ్యక్తి నిమిషమునకు 90 అక్షరములు తెరమీద వ్రాయగలుగుటను చూపారు. 2023లో స్టాన్‌ఫర్డ్, శాన్‌ఫ్రాన్సిస్కో బృందములు మాట పోయిన ఇద్దరు స్త్రీలకు నిమిషమునకు 62, 78 మాటల వేగమును తెచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బృందము తెరమీద ఒక ముఖమును కూడ చేర్చి, మాటతోపాటు ముఖకవళికలను కదిలించింది. 2024లో డేవిస్ విశ్వవిద్యాలయ బృందము, ఏ.ఎల్.ఎస్. వ్యాధి వలన మాట స్పష్టత కోల్పోయిన కేసీ హారెల్‌కు 256 ఎలక్ట్రోడులతో మాటను తిరిగి ఇచ్చింది. వ్యాధి రాకముందు రికార్డు చేయబడిన అతని స్వరమునే పోలిన స్వరముతో కంప్యూటరు పలికింది. వందకు 97 మాటలు సరిగా వచ్చినవి.

ఎలాన్ మస్క్ స్థాపకులలో ఒకరైన న్యూరాలింక్ సంస్థ 2024 జనవరిలో నోలండ్ ఆర్బో అను యువకునికి 1,024 ఎలక్ట్రోడుల పరికరమును అమర్చింది. కొన్ని వారములకే పలు దారపు తీగలు మెదడునుండి వెనుకకు జారినవని, తరువాత సాఫ్ట్‌వేరు మార్చి పనితనమును తిరిగి తెచ్చామని ఆ సంస్థ తెలిపింది. మాటను తిరిగి ఇచ్చే ఈ పరికరములు ఇంకను పరిశోధనకు చెందినవే. కొద్దిమందికే అమర్చబడినవి. ఇది మన గ్రామపు రోగికి రేపే దొరుకునని చెప్పుట సత్యము కాదు.

3. మొదటి బోధ: ఇది మృగపు ముద్ర

ఈ బోధను తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. దానిలో ఒక మెలకువ ఉన్నది. కొనుట, అమ్ముట, తిరుగుట అన్నియు ఒకే అధికారము చేతిలోనికి పోవునను భయము నిరాధారము కాదు. మనిషి శరీరమును వ్యాపారము స్వాధీనపరచుకొనునేమో అను ఆందోళన కూడ విశ్వాసికి తగినదే. అయితే ఈ మెలకువను ఒక పరికరమునకు అంటగట్టుటలో వ్యాఖ్యాన దోషమున్నది.

వాక్యభాగమును చూద్దాము. ప్రకటన 13:16-17లో ముద్ర అని తర్జుమా చేయబడిన గ్రీకు పదము ఖారగ్మ. ఆ కాలములో చక్రవర్తి పేరుతో పత్రములమీద వేసే ముద్రకును, నాణెములమీది అచ్చుకును ఈ పదము వాడబడేది. అపొస్తలుల కార్యములు 17:29లో మనుష్యుల చేతిపనిగా మలచబడిన ప్రతిమను గూర్చి ఇదే పదము వచ్చింది. ఇంతకన్న ముఖ్యమైనది, ప్రకటన గ్రంథములో ఈ ముద్రను పొందినవారిని గూర్చి చెప్పిన ప్రతిచోట ఆరాధన ప్రస్తావన దానితో జతగా ఉన్నది. 14:9, 14:11, 16:2, 19:20, 20:4 వచనములను వరుసగా చదివినవారికి ఇది స్పష్టమవుతుంది. మృగమునకు నమస్కరించుట లేకుండ ముద్ర ఒంటరిగా రాదు. తెలియకుండ, నిద్రలో, శస్త్రచికిత్స బల్లమీద పడే ముద్రను గూర్చి యోహాను వ్రాయలేదు. ఎవరికి మ్రొక్కుతున్నావు అనునదే ఆయన ప్రశ్న.

7వ అధ్యాయములోను, 14:1లోను దేవుని దాసుల నొసళ్ళమీద కూడ గురుతు ఉన్నది. ద్వితీయోపదేశకాండము 6:8లో దేవుని ఆజ్ఞలు చేతికిని, కన్నుల నడుమను కట్టబడవలెనని ఉన్నది. చేయి, నొసలు అనగా క్రియ, తలంపు. అవి ఎవరి వశములో ఉన్నవి అనునదే ముద్ర యొక్క అర్థము. గనుక నొసటిని అక్షరార్థముగా పుర్రె లోపలి ఎలక్ట్రోడుగా చదువువారు, దేవుని ముద్రను కూడ అక్షరార్థముగా చదువవలసి వస్తుంది. ఆ పని ఎవరును చేయుట లేదు.

ఈ వ్యాఖ్యానమునకు ఒక చరిత్ర కూడ ఉన్నది. సరుకుల మీది బార్‌కోడును, ఆధార్ సంఖ్యను, 2021లో కోవిడ్ టీకాను ఇదే మాటతో పిలిచినవారున్నారు. వస్తువు మారినప్పుడెల్ల బోధ మారకుండ వస్తువు పేరు మాత్రమే మారితే, ఆ బోధ లేఖనమునుండి పుట్టలేదని, వార్తాపత్రికనుండి పుట్టిందని గ్రహించవలెను.

శ్రీకాకుళం జిల్లా సంఘములకు దీనికి భిన్నమైన వారసత్వమున్నది. సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషనరీ వైద్యుడు బెన్ గలిసన్ శుక్లములు తీసి వేలమందికి చూపును ఇచ్చారు. ఆయన సేవను గూర్చి విన్న కాల్గరీ నగరవాసి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను ఆరంభించాడు. నేడు శుక్లము తీసినచోట కృత్రిమ కటకము కంటిలో శాశ్వతముగా ఉంచబడుతుంది. మన సంఘములలోని వృద్ధ విశ్వాసులలో అనేకులు ఆ కటకముతోనే బైబిలు చదువుకొంటున్నారు. దానిని ఎవరును మృగపు ముద్ర అనలేదు. కంటిలో ఉంచినది మేలైతే, చెవిలో ఉంచినది మేలైతే, మెదడులో ఉంచినంత మాత్రాన అది అపవిత్రమని చెప్పుటకు లేఖనాధారము చూపవలసిన బాధ్యత ఆ బోధకులదే.

ఈ బోధ వలన కలుగు నష్టము కేవలము సిద్ధాంతపరమైనది కాదు. చెవుడుగల పసిబిడ్డకు ఇంప్లాంటు ఆలస్యమైతే భాష నేర్చుకొనే సంవత్సరములు తిరిగి రావు. తల్లిదండ్రులను భయపెట్టిన ప్రసంగికుడు ఆ సంవత్సరములకు లెక్క అప్పగించవలసి ఉంటుంది.

4. రెండవ బోధ: ఇది నెరవేర్పు

రెండవ బోధ మరింత మర్యాదగా ఉంటుంది గనుక మరింత జాగ్రత్తగా పరీక్షించవలెను. యెషయా 35వ అధ్యాయమును చదివి, దాని క్రింద వార్తా చిత్రములను చూపుట దీని పద్ధతి. వ్యాపార సంస్థలు తమ పరికరములకు పెట్టుకొనే పేర్లు కూడ ఈ ధోరణికి ఊతమిస్తాయి. న్యూరాలింక్ తన మొదటి పరికరమును టెలిపతి అని పిలుచుకొన్నది.

ఈ బోధకు మా మొదటి అభ్యంతరము, అది సువార్తలలోని స్వస్థతను సరిగా చదువలేదు. మార్కు 7:31-37లో చెవుడును నత్తియుగల మనిషిని యేసు జనసమూహమునుండి వేరుగా తీసికొనిపోయెను. అతనిని ప్రదర్శనకు పెట్టలేదు. తన వ్రేళ్ళతో, సైగలతో అతనికి అర్థమగు రీతిని వ్యవహరించెను. సంస్థ ప్రదర్శనలో జరుగునది ఇందుకు పూర్తిగా వ్యతిరేకము. అక్కడ రోగి వేదికమీదికి వస్తాడు, పెట్టుబడిదారులు చూస్తారు.

రెండవ అభ్యంతరము ఇంకను గంభీరమైనది. ప్రదర్శన ముగిసిన తరువాత ఏమి జరిగినదో ఈ బోధ అడుగదు. అమెరికాలోని సెకండ్ సైట్ సంస్థ ఆర్గస్ 2 అను రెటీనా పరికరమును లోకమంతట 350 మందికి పైగా చూపు లేనివారికి అమర్చింది. 2019లో ఆ సంస్థ దాని తయారీని నిలిపివేసింది. పరికరము పాడైతే బాగుచేసేవారు లేక, కంటిలో లోహముతో మిగిలిపోయిన మనుష్యులను గూర్చి 2022లో లోకమునకు తెలిసింది. ఆస్ట్రేలియాలో మూర్ఛవ్యాధి రాకను ముందుగా తెలిపే న్యూరోవిస్టా పరికరము 15 మందికి అమర్చబడినది. ఆ సంస్థ డబ్బు అయిపోయి మూతపడగా పరికరములు తీసివేయబడినవి. దానిని తనలో ఒక భాగముగా ఎంచుకొన్న ఒక స్త్రీ, అది పోయినప్పుడు తననే పోగొట్టుకొన్నట్లు దుఃఖించింది. 2014లో చేయిని కదిలించే పరికరమును పొందిన ఇయాన్ బర్కార్ట్‌కు 2021లో దానిని తీసివేయవలసి వచ్చింది.

లూకా 10:35లో సమరయుడు చేసిన పనిని ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. గాయములు కట్టుటతో అతడు ఆగలేదు. పూటకూళ్ళవానికి డబ్బిచ్చి, ఇంకను ఖర్చైతే మరల వచ్చి తీర్చెదనని మాట ఇచ్చెను. నరముల పరికరములను కొలువవలసిన కొలబద్ద ఆ వాగ్దానమే. చేసిన కార్యము ఎంత ఆశ్చర్యకరమైనది అని గాక, మరల వచ్చేవాడు ఎవడు అని అడుగవలెను. నెరవేర్పు అని బోధించువారు ఈ ప్రశ్న అడుగకుండ, సంస్థల ప్రకటన పత్రమును ప్రవచనముగా చదువుతున్నారు.

మూడవ అభ్యంతరము న్యాయమునకు సంబంధించినది. ఇదే జిల్లాలో ఉద్దానము ప్రాంతము కారణము తేలని మూత్రపిండ వ్యాధితో దశాబ్దములుగా బాధపడుతున్నది. యంత్రము మీద ఆధారపడి బ్రతుకుట అనగా ఏమిటో ఆ గ్రామములవారికి తెలుసు. వారమునకు రెండు మూడు సార్లు డయాలిసిస్‌కు వెళ్ళి రావలెను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధనాసుపత్రి ప్రారంభమగుటకు వారు ఎన్ని ఏండ్లు ఎదురుచూచారో మనకు తెలియును. యెషయా చూచిన దర్శనములో ఎడారియంతయు పుష్పించును. ఒక తోట మాత్రమే పూచినచోట దానిని నెరవేర్పు అనుట తొందరపాటు.

5. హన్నా పెదవులు, ఏలీ తొందర

రెండు బోధలును వదిలిన మనిషి దగ్గరకు ఇప్పుడు వద్దాము. మెదడు కాండములో పక్షవాతము వచ్చిన కొందరిలో తెలివి పూర్తిగా నిలిచి ఉండి, కన్నులు తప్ప మరేమియు కదలని స్థితి కలుగుతుంది. 1966లో వైద్యులు ప్లమ్, పోస్నర్ ఈ స్థితికి తాళము వేయబడిన స్థితి అను అర్థముగల పేరు పెట్టారు. చూచేవారికి అతడు స్పృహ లేనివానివలె కనబడుతాడు. ఇంటివారు అతని ఎదుటనే అతని అంత్యక్రియల సంగతి మాటలాడుకొంటారు. అతడు అంతయు వింటాడు.

1 సమూయేలు 1:12-17లో హన్నా పెదవులు కదిలెను గాని స్వరము వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె త్రాగియున్నదని తలంచెను. కాపరికి ఇది గట్టి హెచ్చరిక. శబ్దము లేనిచోట ప్రార్థన లేదని అతడు అనుకొన్నాడు. అయినను ఏలీలో ఒక మంచి గుణము కనబడుతుంది. ఆమె చెప్పినప్పుడు విన్నాడు, తన తీర్పును విడిచి ఆశీర్వదించాడు.

ఇక్కడ వేదాంత విద్యార్థులు తప్పక ఎదుర్కొనే ప్రశ్న ఒకటి ఉన్నది. రోమా 10:9-10లో నోటి ఒప్పుకోలు ప్రస్తావన ఉన్నది గదా. నోరు కదలనివాడు బాప్తిస్మము కోరితే ఏమి చేయవలెను? లూకా 1:62-64లో మాట పోయిన జెకర్యా పలక అడిగి వ్రాసెను. ఆ వ్రాత అతని మాటగానే అంగీకరింపబడెను. బిడ్డ పేరు దానితోనే స్థిరమాయెను. పలక నాటి పరికరము. పలకమీది అక్షరము జెకర్యా ఒప్పుకోలైతే, కంటిరెప్ప సైగయు, ఎలక్ట్రోడు చదివిన మాటయు ఒప్పుకోలు కాకపోవుటకు కారణము లేదు. రోమా 8:26 ప్రకారము మాటకు అందని మూలుగులను కూడ ఆత్మ మోసికొని పోవును.

అయితే పలకకును కంప్యూటరుకును ఒక భేదమున్నది. పలక ఊహించదు. నేటి పరికరము మెదడు సంకేతమును ధ్వనులుగా చదివి, తరువాత రాదగిన మాటను భాషా గణితముతో ఊహించి పూరిస్తుంది. 2023 స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో 1,25,000 మాటల నిఘంటువుతో పలికినప్పుడు నాలుగింట ఒక మాట దాదాపుగా తప్పిపోయింది. అట్టి స్థితిలో అవును అను జవాబు మనిషిదా, యంత్రపు ఊహదా? వీలునామా విషయములోను, చికిత్స నిలుపుదల విషయములోను, విశ్వాస ఒప్పుకోలు విషయములోను కాపరి ఒకే ప్రశ్నను వేర్వేరు రోజులలో, వేర్వేరు మాటలలో అడిగి నిర్ధారించుకొనవలెను. ఇది అపనమ్మకము కాదు. ఆ మనిషి మాటకు ఇచ్చే గౌరవము.

మరియొక హద్దు కూడ ఉన్నది. 2025లో స్టాన్‌ఫర్డ్ బృందము, పలుకుటకు ప్రయత్నించని లోలోపలి మాటను కూడ కొంతవరకు చదువగలిగింది. తగిన సమయములలో వందకు 74 వరకు సరిగా వచ్చినవి. పరిశోధకులే దానికి కాపుదల ఏర్పరచారు: మనిషి ఒక సంకేతపదమును మనస్సులో తలంచితేనే పరికరము చదువుట మొదలుపెడుతుంది. హృదయమును ఎరుగుట దేవునికి మాత్రమే చెల్లునని 1 రాజులు 8:39 బోధిస్తుంది. తలుపు లోపలివైపు గడియ మనిషి చేతిలో ఉండవలెనని ఆ పరిశోధకులు గుర్తించుట మెచ్చదగినది. మన దేశములో సుప్రీం కోర్టు 2010 మే 5న సెల్వి కేసులో, నిందితుని అంగీకారము లేకుండ మెదడు విద్యుత్ పరీక్షను, నార్కో పరీక్షను జరుపరాదని తీర్పు ఇచ్చింది. సంఘము కూడ ఇదే హద్దును పాటించవలెను. మాట తిరిగి వచ్చినవానిని సాక్ష్యము చెప్పుమని వేదిక ఎక్కించుటకు ముందు, మౌనముగా ఉండుటకు అతనికి హక్కు ఉన్నదని జ్ఞాపకముంచుకొనవలెను.

6. ఏ భాషలో స్వరము?

శ్రీముఖలింగమును ఎన్నుకొన్న రెండవ కారణమునకు ఇప్పుడు వస్తాము. తూర్పు గాంగుల కాలపు ఆలయములకు ఈ ఊరు ప్రసిద్ధి. లింగముపై ముఖము కనబడునను నమ్మకమునుండియే దాని పేరు వచ్చింది. ఈ ఊరికి సమీపమున ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, కొండలలోని సవరల భాషను నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు సొంత డబ్బుతో బడి నడిపారు. 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించారు. తెలుగులో జనుల నోటి మాట పుస్తకములోనికి రావలెనని పోరాడినవారును ఆయనే. మనిషికి చదువును ఇచ్చి భాషను తీసికొంటే అతనికి సగమే ఇచ్చినట్లని ఆయన జీవితము చెబుతున్నది.

మెదడు పరికరములకు ఈ పాఠము సూటిగా వర్తిస్తుంది. పైన చెప్పిన మాట పరికరములన్నియు ఇంగ్లీషు ధ్వనులమీద, ఇంగ్లీషు మాటల వరుసమీద నిర్మింపబడినవి. తెలుగులో ఒక క్రియకు ప్రత్యయములు చేరి పెద్ద మాట అవుతుంది. ఇంగ్లీషులో నాలుగైదు మాటలలో చెప్పునది మనము ఒక మాటలో చెబుతాము. అందుచేత లక్ష మాటల నిఘంటువు ఇంగ్లీషుకు చాలినట్లు తెలుగుకు చాలదు. పైగా పుస్తకపు తెలుగుతో శిక్షణ పొందిన యంత్రమునకు గుంటడు అను మాటయు, ఓలమ్మ అను పిలుపును తెలియవు. వంశధార ఒడ్డున పుట్టిన తల్లి తన కుమారుని పిలువదలచినప్పుడు యంత్రము ఆమె తలంపును పత్రికా భాషలోనికి మార్చి పలికితే, ఆ స్వరము ఎవరిది?

ఇది సాధ్యము కానిది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో బృందము 2024లో, స్పానిష్ మాతృభాషగా గల వ్యక్తికి స్పానిష్‌లోను ఇంగ్లీషులోను మాటను చదివే పరికరమును చూపింది. ఆయన పక్షవాతము వచ్చిన తరువాతనే ఇంగ్లీషు నేర్చుకొన్నాడు. ముందు ఇంగ్లీషులో పలికించబడి, తరువాత తన భాషకు చేరాడు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములో క్రమము ఇందుకు తారుమారు. కూడినవారు ఒక రాజభాషను నేర్చుకొనలేదు, ప్రతివాడును తాను పుట్టిన భాషలో వినెను. మార్కు 7:34లో కూడ సువార్తికుడు గ్రీకులో వ్రాస్తూనే యేసు పలికిన ఎప్ఫతా అను అరామిక మాటను మార్చకుండ నిలిపెను. చెవిటివాని చెవి తెరువబడిన మాట అతని ఇంటి మాట.

7. కాపరి చేతిలో ఉన్నది

పరికరము గ్రామమునకు వచ్చువరకు కాపరి ఊరకుండనవసరము లేదు. మూడు సంగతులు సూచిస్తాము.

మొదటిది, పక్షవాతము వచ్చిన గంటలలోనే రోగిని ఆసుపత్రికి పంపవలెను. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపల ఇవ్వవలసి ఉంటుంది. ప్రార్థన వాహనములో కూడ చేయవచ్చును. మార్కు 2వ అధ్యాయములో నలుగురు మోసికొని వచ్చిన తరువాతనే స్వస్థత జరిగెను. మోయుట విశ్వాసముగానే ఎంచబడెను.

రెండవది, మాట పోయినవానితో అక్షర పలక వాడుట నేర్చుకొనవలెను. తెలుగు వర్ణమాల దీనికి సిద్ధముగా అమరియున్నది. క మొదలు మ వరకు హల్లులు అయిదు వర్గములు, వర్గమునకు అయిదేసి అక్షరములు. సహాయకుడు మొదట వర్గములను వరుసగా చదువవలెను: క, చ, ట, త, ప. రోగి తన వర్గము వచ్చినప్పుడు రెప్ప మూస్తాడు. తరువాత ఆ వర్గములోని అక్షరములను చదువగా మరల రెప్ప మూస్తాడు. పిమ్మట గుణింతము. య మొదలగు మిగిలిన హల్లులు ఆరవ వరుస, అచ్చులు ఏడవ వరుస. అట్టముక్క మీద వ్రాసికొనిన ఈ పలకకు కరెంటు అక్కరలేదు, కంపెనీ మూతపడదు, ఏ మాండలికమైనను దానిలో వ్రాయవచ్చును. ఓపిక ఒక్కటే కావలెను. దీనికి ముందుగా, అవునుకు ఒకసారి, కాదుకు రెండుసార్లు రెప్ప మూయుమని చెప్పి పరీక్షించుట ప్రతి కాపరియు ఒక నిమిషములో చేయగల పని.

మూడవది, వైద్యులు మెదడు పరికరమును సూచించినప్పుడు కుటుంబము తరపున నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఇది నిర్ధారిత చికిత్సయా, పరిశోధనయా? పరిశోధన ముగిసిన తరువాత పరికరమును ఎవరు చూచుకొంటారు? చదివిన సంకేతములు ఎవరి వద్ద ఉంటాయి? తీసివేయవలెనంటే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలు అడిగే కాపరి వైద్యునికి విరోధి కాడు. రోగికి పొరుగువాడు.

8. ముగింపు

మృగపు ముద్ర అను బోధ రోగిని భయపెట్టి మంచమునకే కట్టివేస్తుంది. నెరవేర్పు అను బోధ అతనికి ఆశ చూపి, తీగ జారిననాడు వదిలివేస్తుంది. లేఖనము ఈ రెండింటికంటె కఠినమైన పనిని మనకు అప్పగించింది. స్వరము లేని హన్నా ఎదుట ఏలీవలె తొందరపడకుండ నిలుచుట, జెకర్యాకు పలక అందించుట, సమరయునివలె మరల వచ్చుట మన పని. పరికరములు మారుతూ ఉంటాయి. నేటివి రేపటికి పాతబడుతాయి. కదలని ముఖము వెనుక ఒక మనిషి మెలకువగా ఉన్నాడని నమ్మి, అతని భాషలో అతనిని పలుకరించే సంఘము ఉన్నదా అను ప్రశ్న మాత్రము పాతబడదు. వేదాంత కళాశాలలు కాపరి పరిచర్య పాఠ్యాంశములో అక్షర పలక వాడుకను, పక్షవాతపు తొలి లక్షణములను చేర్చవలెనని మా మనవి.